ఆ దెబ్బలు ఎవరి కోసం వేశారు?

ప్రశ్న: మాది గుంటూరు, కొత్తపేట. అత్తమామలతో మేము కింది వాటాలో, మరిదిగారి కుటుంబం పై వాటాలో ఉంటున్నాము. మా బాబుకు రెండేళ్ళ నాలుగు నెలలు, మరిదిగారి పాపకు ఏడాది రెండు నెలలు. వాడు పాపను తోస్తాడు, జుట్టు లాగుతాడు, మీదెక్కి కూర్చుంటాడు. వినాయక చవితి నాడు పూజ ఆలస్యమై, భోజనాలు వడ్డించేసరికి రెండయింది. ఆ సందడిలో పాప బుగ్గ కొరికాడు. అందరి ముందూ రెండు దెబ్బలు వేశాను, అయినా మా తోడికోడలు ముఖం తిప్పుకొని పైకి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మా మధ్య మాటలు లేవు. మావారు రోజూ వాణ్ణి చేతులు పట్టుకొని గిరగిరా తిప్పుతారు, కుస్తీ పడతారు, "ఏదీ, నాన్నను ఒక్కటి కొట్టు" అంటారు. ఆ ఆట మాన్పించాలా, వాణ్ణి ప్లేస్కూల్లో వేయాలా?

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటికీ జవాబు చిన్నదే. ఆట మాన్పించనక్కరలేదు, ప్లేస్కూలు అవసరం లేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానంలోనూ, మన అంగన్‌వాడీల్లోనూ బడికి ముందు చదువు మూడేళ్ళ వయసు నుంచే మొదలవుతుంది. ఇంట్లో తేలవలసిన సంగతి పసివాడి భుజాన సంచీ తగిలించి బయటికి పంపినంత మాత్రాన తేలదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది వేరే వాక్యం. "అందరి ముందూ రెండు దెబ్బలు వేశాను, అయినా" అన్నారు. ఆ "అయినా" దగ్గర మీరు కూడా కాసేపు ఆగండి. ఆ దెబ్బలు బాబును దిద్దడానికే వేసి ఉంటే, ఆ తరువాత వాడు ఏమయ్యాడో రాసేవారు. మీరు రాసింది తోడికోడలి ముఖం గురించి. ఆమెకు నోటితో చెప్పుకోవలసిన క్షమాపణను మీరు బిడ్డ వీపు మీద చెప్పారు. ఇలా అన్నందుకు కష్టపెట్టుకోకండి, కానీ పెద్దల మధ్య మర్యాద నిలుపుకోవడానికి పసివాణ్ణి కొట్టడం నేను ఏ ఇంట్లోనూ ఒప్పుకోలేను. వాడికి అర్థమైనదల్లా ఒక్కటే: కోపం వస్తే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను కొడతారు. మర్నాడు వాడు పాపతో చేసేదీ అదే.

ఈ వయసులో కోపమైనా సంబరమైనా ముందు చేతుల్లోకీ పళ్ళలోకీ వస్తుంది, మాట ఆ తరువాత వస్తుంది. ఎత్తిన చెయ్యి తనంతట తాను దించుకోగలగడం మూడేళ్ళు దాటాకగానీ కుదురుకోదు. ఇక ఆ రోజు మధ్యాహ్నం రెండింటి దాకా తిండి, నిద్ర లేని పిల్లవాడు ఏ నిగ్రహం చూపగలడు? పిలిస్తే పలకడం, రెండేసి మాటలు కలిపి చెప్పడం వంటివి వాడికి వచ్చి ఉంటే డాక్టరు దాకా వెళ్ళవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

కొరికినప్పుడు మొదట పాపను ఎత్తుకోండి. గాటును సబ్బు నీళ్ళతో కడగండి, చర్మం తెగితే డాక్టరుకు చూపించండి. ఆ తరువాత వాడి ఎత్తుకు కూర్చొని, చెయ్యి పట్టుకొని, "కొరకకూడదు, చెల్లికి నొప్పి" అనండి, అంతకు మించి వద్దు. వాడు ఆడుతున్నాడా, బాధపెడుతున్నాడా అన్నది వాడి నవ్వును బట్టి కాక పాప ముఖాన్ని బట్టి తెలుసుకోవాలి. ఏడాది దాటిన పిల్ల తోసేయలేదు, పారిపోలేదు, కాబట్టి వాళ్ళిద్దరినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి.

మీవారి కుస్తీ మంచిదే, కాకపోతే రెండు మార్పులు కావాలి. చేతులు పట్టుకొని తిప్పడం ఈ రోజే ఆపించండి. చిన్నపిల్లల మోచేతి కీలు తప్పేది సరిగ్గా అలాంటి లాగుడులోనే, ఎత్తాలంటే చంకల కింద పట్టుకోవాలి. "ఒక్కటి కొట్టు" అనడం మాని, వాడు "చాలు" అన్న క్షణం ఆయన ఆగిపోవాలి. తన "చాలు"కు నాన్న ఆగడం చూసిన పిల్లవాడే చెల్లి ఏడుపుకు ఆగడం నేర్చుకుంటాడు.

ఇక అసలు పని మీది. మీరు ఇంటికి పెద్దకోడలు, మెట్లెక్కి వెళ్ళవలసింది మీరే. ఇందులో మీ గౌరవానికి లోటేమీ లేదు, ఆమె ముందు బిడ్డను కొట్టినప్పుడే అది తగ్గింది. బాబును అత్తగారి దగ్గర వదిలి వెళ్ళండి. వాడి వయసు గురించీ, పండుగ హడావుడి గురించీ సంజాయిషీ మొదలుపెట్టకుండా, "పాప బుగ్గ ఎలా ఉంది? ఆ రోజు నేను ముందు పాపను ఎత్తుకోవలసింది" అనండి. ఆమె కోపంగా రెండు మాటలు అంటే పడండి, ఆ బుగ్గ మీద పంటి గాటు ఆమె రోజూ చూసింది. ఆ తరువాత ఇద్దరూ ఒక మాట అనుకోండి: ఎవరు దగ్గర ఉంటే వారే విడదీయాలి, ఇద్దరూ ఒకే మాట చెప్పాలి, ఎవరూ చెయ్యి చేసుకోకూడదు.

ఆదివారం దాకా ఆగకండి. రేపు మధ్యాహ్నం పాప నిద్రపోయే వేళ చూసి వెళ్ళండి, ఆమెకు కూర్చొని మాట్లాడడానికి తీరిక ఉంటుంది.