నిమ్మ డిప్పలు: పొడి కొట్టాలా, బర్రెలకి పెట్టాలా?

ప్రశ్న: సార్, మాది పొదలకూరు దగ్గర పల్లె, మూడెకరాల నిమ్మ తోట. రేటు పడిపోయినప్పుడు కాయ మార్కెట్‌కి వేయకుండా రసం తీసి సోడా బళ్ళోళ్ళకి, హోటళ్ళకి ఇస్తన్నాం. డిప్పలు గుట్టలుగా పడుండాయి. తొక్క పొడి షుగర్ తగ్గిస్తాదని ఫోన్లో వీడియోలు వస్తన్నాయి, చేసి అమ్ముకోవచ్చా? బర్రెలు, గొర్రెలు కూడా ఉండాయి, వాటికి పెట్టొచ్చా?

జవాబు: అన్నా, రసం పిండినాక కాయ బరువులో దాదాపు సగం డిప్ప, పిప్పి, గింజల కిందే మిగిలిపోద్ది, పైగా మంచి సరుకు చాలావరకు అక్కడే ఉంది. పై పచ్చ పొరని గోటితో గిల్లితే ఘుమ్మంటుంది చూడండి, అక్కడ చిన్న చిన్న నూనె తిత్తులుంటాయి, ఆ నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే వాసన పదార్థం. దాని కింద తెల్ల పొరలో పెక్టిన్ అనే పీచు, హెస్పెరిడిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) ఉంటాయి. పెక్టిన్ కడుపులో జిగురులా అయ్యి చక్కెర రక్తంలోకి ఎక్కే స్పీడు కొంచెం తగ్గిస్తుంది, అది నిజమే, కానీ పరిశోధనల్లో దాన్ని గ్రాముల లెక్కన ఇచ్చి చూస్తారు, వీడియోలో చూపించే చిటికెడు పొడిలో అంత ఎక్కడుంటుంది? ప్యాకెట్ మీద షుగర్ తగ్గుద్ది, బీపీ తగ్గుద్ది అని వేశారంటే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద ఇరుక్కుంటారు. వాసనకి, రుచికి వాడే పొడి అని అమ్ముకోండి, దానికైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే.

అసలు నా భయం వేరే. గజ్జి తెగులుకి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కొడతారు, ఆకు తొలిచే పురుగుకి ఇంకోటి కొడతారు, ఆ మందు ఎక్కువగా ఉండేది రసంలో కాదు, తొక్కలో. కొన్ని మందులు ఆ నూనెలోకే దిగిపోతాయి, ఎంత కడిగినా పూర్తిగా పోవు. అందుకని పొడికోసం ఓ పక్కన కొన్ని చెట్లు విడిగా పెట్టుకుని, ఏ మందు ఏ రోజు కొట్టిందీ రాసిపెట్టుకుని, మందు కొట్టినాక కోతకి ఇన్ని రోజులు ఆగాలని మందు డబ్బా మీద వేసిన గడువు దాటాకే కాయ కోయండి. బయట కొన్న కాయ తొక్క మాత్రం వద్దే వద్దు.

సన్నగా చీరి మరిగే నీళ్ళలో ఒక నిమిషం ముంచి తీస్తే చేదు కాస్త తగ్గుద్ది, తర్వాత షేడ్‌నెట్ కింద గానీ, 60 డిగ్రీలు దాటకుండా సోలార్ డ్రయ్యర్లో గానీ ఆరబెట్టండి. ముక్క విరిస్తే టప్‌మని విరగాలి, వంగిందంటే డబ్బాలో బూజు ఖాయం. 100 కిలోల పచ్చి తొక్కకి ఎండు తొక్క 20, 25 కిలోలకి మించి రాదు, కూలి ఖర్చు ఆ లెక్కన చూసుకోండి. విటమిన్ సి ఎండబెట్టడంలోనే చాలా పోద్ది, ఆ పేరు చెప్పి అమ్మొద్దు.

డిప్పలు చీరే ఆడోళ్ళని సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఎండలోకి పోనీయొద్దు. తొక్క నూనెలో ఫ్యూరోకౌమరిన్లు అని ఉంటాయి, చర్మానికి అంటాక ఎండ తగిలితే ఒకట్రెండు రోజుల్లో బొబ్బలొస్తాయి, తర్వాత నల్ల మచ్చలు వారాల తరబడి పోవు. మనోళ్ళేమో వేడి చేసిందిలే అనుకుని ఊరుకుంటారు.

బర్రెలకి పెట్టొచ్చు, కానీ ఒకేసారి గంప దించొద్దు, కడుపు పులిసి మేత మానేస్తాయి. కిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో నాలుగు కిలోలదాకా పెంచండి, తరిగిన వరిగడ్డిలో కలిపి, అదీ పాలు పిండినాకే, ముందు పెడితే పాలకి వాసన పట్టుద్ది. మాంసకృత్తులు తక్కువ కాబట్టి వేరుశనగ చెక్క ఆపొద్దు. బూజు పట్టినవి పారేయండి. ఎక్కువ మిగిలితే వరిగడ్డితో కలిపి డ్రమ్ములో గాలి లేకుండా తొక్కి నెలన్నర పాతర వేసుకోవచ్చు.

గొర్రెలకి మాత్రం రాగి మందు కొట్టిన తోట డిప్పలు పెట్టొద్దు. మన నెల్లూరు గొర్రెల్లో జొడిపి రకం అయినా పల్ల రకం అయినా, గొడ్లు తట్టుకునేంత రాగిని గొర్రె తట్టుకోలేదు, కాలేయంలో కొద్దికొద్దిగా పేరుకుని ఒకరోజు ఉన్నట్టుండి కళ్ళు పచ్చబడి, ఎర్రగా మూత్రం పోసి పడిపోద్ది. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఈరోజే ఆపేయండి, ఏదన్నా తేడా కనిపిస్తే పశువుల డాక్టర్‌కి తోటలో రాగి మందు కొట్టిన సంగతి ముందే చెప్పండి, లేదంటే ఎర్ర మూత్రం చూసి గోమార్ల జ్వరం (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) అనుకుని దానికి సూది వేసే అవకాశం ఉంది.