ఫాల్స్ సీలింగ్‌లోకి వదిలిన ఆవిరి ఎటు పోతుంది?

ప్రశ్న: మా బాత్రూమ్‌కి కిటికీ లేదు. స్నానం చేసిన గంటకి కూడా అద్దం మీద తేమ ఆరదు. సీలింగ్ మూలల్లో నల్లగా బూజు పడుతోంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కొన్నాం. సరిగ్గా షవర్ పైన బిగించి, గొట్టం ఫాల్స్ సీలింగ్‌లోకి వదిలేస్తే చాలంటున్నారు పనివాళ్లు. వైరింగ్ నేనే చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు గొట్టం సంగతి తేలుద్దామమ్మా. ఫాల్స్ సీలింగ్‌లోకి వదిలితే ఆవిరి ఎటూ పోదు, మీకు కనబడని చోట చేరుతుంది, అంతే. బోర్డులు నానతాయి, బూజు ఈసారి పైనుంచి మొదలవుతుంది. గొట్టం బయటి గోడ దాటాల్సిందే. పొట్టిగా, వంపులు తక్కువగా, బయటివైపుకి కొంచెం వాలుగా ఉండాలి. లేకపోతే లోపల చల్లబడిన ఆవిరి నీళ్లయి మోటారు మీదికి కారుతుంది. ముడతల గొట్టమైతే బాగా సాగదీసి బిగించండి. ముడతలు మిగిలిపోతే ఫ్యాన్ మోత తప్ప గాలి లాగదు.

షవర్ పైన వద్దు. పక్కకి కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టించండి. ఫ్యాన్ మీద ‘ఐపీఎక్స్4’ అని ఉందో లేదో చూడండి. ఏ వైపు నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుందని దానర్థం.

వైరింగ్ మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. తడి ఒంటితో తిరిగే చోట నేను మొహమాటపడను. స్విచ్ ఆపాం కదా అనే ధీమా కూడా పనికిరాదు. కొన్ని ఇళ్లలో స్విచ్‌ని కరెంటు తెచ్చే ఫేజ్ వైరుకి బదులు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకి కలిపి ఉంటారు. ఫ్యాన్ ఆగినా వైరులో కరెంటు ఉంటుంది. అందుకే మెయిన్ దగ్గరే ఆపాలి. టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట పెట్టి అది పనిచేస్తోందో లేదో చూసుకుని, తర్వాతే ఈ వైరు మీద పెట్టాలి. పని చేయించేటప్పుడు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందా అని అడగండి. స్విచ్ బాత్రూమ్ బయటే ఉండాలి.

మీరు అడగలేదు గానీ, అక్కడ గ్యాస్ గీజర్ ఉందా? ఉంటే ఫ్యాన్ పెట్టినంత మాత్రాన ధైర్యం తెచ్చుకోకండి. గీజర్ పొగగొట్టం గుండా బయటికి పోవలసిన గాలిని ఫ్యాన్ తిరిగి లోపలికి లాగేయగలదు. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. గీజర్‌ని గది బయటికి మార్పించాకే ఫ్యాన్ ఆన్ చేయండి.

సైజు చెప్పలేదు మీరు. గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి 8తో హెచ్చించండి. గంటకి అన్ని ఘనపు మీటర్ల గాలి లాగే ఫ్యాన్ చాలు. తలుపు కింద సెంటీమీటరు సందు వదలండి, లోపలికి గాలి రావాలి కదా. స్నానమయ్యాక ఓ పావుగంట తిరగనివ్వండి.