మడ చెట్టు ఎండు కొమ్మ మీద కనిపించింది ముక్కు పురుగేనా?

ఎండిపోయిన మడ కొమ్మ మీద బెరడు రంగులో చిన్న పురుగు, ముక్కు పొట్టిగా ఉంది, ఇదేంటి అని అడిగారు కదా. ఫొటో చూస్తే ఆంత్రిబిడే కుటుంబం అనిపిస్తోంది, అంటే బూజు తినే ముక్కు పురుగులు. బియ్యంలో పట్టే ముక్కు పురుగుకి దూరపు చుట్టం అనుకోండి.

నేను కూడా మొదటిసారి దొరికినప్పుడు మామూలు ముక్కు పురుగనే రాసేసుకున్నా, తర్వాత లెన్స్ పెట్టి చూస్తే మీసాలు తేడాగా ఉన్నాయి. మామూలు వాటికి మీసం మోచెయ్యిలా మధ్యలో వంగి ఉంటుంది, వీటికి ఆ వంపు ఉండదు, ముక్కు కూడా సన్నగా గొట్టంలా కాకుండా పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. కొన్నిట్లో మగవాటి మీసాలు ఒంటి కంటే చాలా పొడుగు, చూస్తే నవ్వొస్తుంది.

ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు) చెప్పాలంటే మాత్రం పైనుంచి తీసిన ఫొటో సరిపోదండి. మెడ పలక, అంటే తల వెనకుండే గట్టి పెంకు, దాని మీద అడ్డంగా ఒక గట్టు గీత ఉంటుంది, అది ఎక్కడుంది, పక్కకి ఎలా తిరిగింది అనేది చూస్తారు, అందుకే పక్క నుంచి ఒకటి తీయండి. ఈ కుటుంబంలో సుమారు 4000 జాతులున్నాయి, చాలావాటికి పేర్లు పెట్టింది కార్ల్ జోర్డాన్ (1861–1959) అనే కీటక శాస్త్రవేత్త, ఒకటో రెండో నమూనాలు తప్ప ఇంకేం తెలియని ప్రజాతులు బోలెడు. కాఫీ గింజలు తొలిచే అరేసెరస్ ఒక్కటే కాస్త ఫేమస్, అదీ నష్టం చేస్తుంది కాబట్టి!

వెతకడానికైతే రాత్రి టార్చ్ వేసుకుని వెళ్ళండి, పోటు నీళ్ళు ఎక్కే గీత కంటే పైనున్న బూజు పట్టిన ఎండు కొమ్మలే చూడండి, నాకు దొరికినవన్నీ అక్కడే. చెయ్యి పెట్టేలోపు కొమ్మ వెనక్కి జారుకుంటుంది, లేదంటే కాళ్ళు ముడుచుకుని కిందపడి చచ్చినట్టు నటిస్తుంది, బురదలో పడిందా ఇక దొరకదు, కింద గుడ్డ పట్టుకోండి.

పిల్ల పురుగులు కొమ్మ లోపలే పెరుగుతాయి కాబట్టి అనుమతి ఉంటే ఒక ముక్క తెచ్చి సీసాలో పెట్టొచ్చు. మూత బదులు పల్చటి గుడ్డ కట్టండి, నేను మూత బిగించేస్తే అంతా కుళ్ళిపోయింది, ఇంకోసారి గుడ్డ కట్టి పెడితే కొన్ని వారాలకి రెండు బయటకొచ్చాయి. కొమ్మ విరిచే ముందు అది తిల్ల చెట్టేమో చూసుకోండి, దాని పాలు కంట్లో పడితే పురుగు సంగతి తర్వాత, ముందు కళ్ళ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.