ఇంగ్లీషు మీడియం చర్చలోకి గిడుగు వారిని తేవచ్చా?

బడుల్లో ఇంగ్లీషు మీడియం వద్దనేవాళ్లు మాటకు ముందు గిడుగు, గురజాడ పేర్లు తెస్తారు, వందేళ్ల కిందటి రాతలు ఇప్పటి సమస్యకు పనికొస్తాయా అని ఒకరు నన్ను అడిగారు. పనికొస్తాయి. గిడుగు జయంతి అని ఆగస్టు 29న దండ వేసి మైకులో పొగిడేసి వదిలేస్తే మాత్రం పనికిరావు.

నేను గుంటూరు దగ్గర ఒక ఊళ్లో ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే సర్కారు బడి టీచర్ని. చిన్న తరగతుల్లో పాఠం పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే సాగాలన్నది నా పక్షం. దీనిమీద స్టాఫ్ రూములో చాలా గొడవపడ్డాను, ఇంకా పడుతున్నాను.

గిడుగు రామమూర్తి గారిని ‘తెలుగు కోసం పోరాడిన మహనీయుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వాదన అక్కడే చచ్చిపోతుంది. ఆయన పోరాడింది పిల్లల తలకెక్కని గ్రాంథికం మీద, అంటే ఎవరూ మాట్లాడని పాత పుస్తకాల తెలుగు మీద. అంతకు ముందే పర్లాకిమిడిలో అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం సవరలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపించారు. భాషాభిమానం ఒక్కటే అయితే ఆ పిల్లల చేతికి తెలుగు వాచకం ఇచ్చేవారు కదా! నేను వాదనలోకి తెచ్చేది ఆ గిడుగును. అలా తెస్తే చిక్కు నాకూ ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాల నుంచి వచ్చే పిల్లలు మా వైపు బడుల్లో ఉంటారు. ఒకటో తరగతిలో వాళ్లకు తెలుగు మీడియం కూడా పరాయిదే. తెలుగు వాదులు ఈ మాట ఎత్తరు.

మా కొలీగ్ ఒకాయన గట్టి ఇంగ్లీషు పక్షం. ‘వాడుక తెలుగు కావాలని గిడుగు వారు 1913లో మెమొరాండం రాసింది ఇంగ్లీషులో, మద్రాసు యూనివర్సిటీ కమిటీ గ్రాంథికం వైపు మొగ్గితే గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసిందీ ఇంగ్లీషులోనే. ఆ భాష రాబట్టే కదా మాస్టారూ, వాళ్ల మాట మద్రాసు దాకా వెళ్లింది?’ అంటాడు. నిజమే. ఇంగ్లీషు సబ్జెక్టును గట్టిగా నేర్పాలనడానికి అది మంచి సాక్ష్యం. ఒకటో తరగతి పిల్లాడికి తీసివేతలు ఇంగ్లీషులో చెప్పాలనడానికి ఏం సాక్ష్యం?

ఇక చట్టం వైపు చూస్తే, 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంది. ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ 2019లో మన రాష్ట్రం ఇచ్చిన జీవో 81ని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. అయితే మాతృభాషా మీడియాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. మహారాష్ట్రలో ఆడపిల్లలకు బడులు నడిపిన సావిత్రిబాయి ఫూలే అయితే 1854లో అచ్చయిన తన కవితల్లోనే ఇంగ్లీషు చదువును మెచ్చుకున్నారు. కాబట్టి పాత రాతలు అన్ని పక్షాలకూ దొరుకుతాయి. మనకు నచ్చిన వాక్యం ఏరుకోవడం కాదు, ఆ మనిషి ఎవరి కోసం, ఏ ఇబ్బంది చూసి రాశాడో చెప్పగలగాలి.

మిర్చి ముచ్చికలు తీసే పనికి వెళ్లే ఒక తల్లి నన్ను ‘డబ్బున్నోళ్ల పిల్లలకు ఒక చదువు, మా పిల్లలకు ఒక చదువా సారూ?’ అని అడిగింది. ఆమెకు గిడుగు పేరు చెప్పి ఏం లాభం? మా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. వాళ్ల అబ్బాయి చేత తెలుగు పేజీలో లెక్క చేయించి, అదే లెక్క ఇంగ్లీషు పేజీలో చదివించాను. బాగుందంది. జూన్‌లో మాత్రం వాణ్ణి కాన్వెంటుకు మార్చేసింది.