లాసన్స్ బే పని ఒప్పుకున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగం మానేసి సీసీ కెమెరాల పని సొంతంగా పెట్టావని, అప్పుడే విశాఖ లాసన్స్ బే కాలనీలో ఓ అపార్ట్‌మెంట్ ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "నీ మేనకోడలు నిచ్చెనెక్కుతోందిరా తమ్ముడూ" అంది. దాన్ని సముదాయించి ఫోన్ పెట్టేశాక, డాబాగార్డెన్స్‌లో నాతో పనిచేసినవాళ్లందరికీ వరసపెట్టి ఫోన్లు చేసి, మా పిల్ల మన లైన్లోకొచ్చిందని చెప్పుకున్నాను. ఆ తర్వాత మొదలైంది నాకు టెన్షన్.

కెమెరాలు బిగించడం నీకు నేర్పక్కర్లేదు. నా బెంగంతా డీవీఆర్‌ని, అదే కెమెరాల బొమ్మ రికార్డు చేసే పెట్టెని, టీవీకి కలిపే ఆఖరి గంట గురించే. నువ్వు పైన ఎంత నీటుగా వైరింగ్ చేసినా అసోసియేషన్ వాళ్లు చూసేది ఆ టీవీలో బొమ్మనే.

హెచ్‌డీఎంఐ కేబులే వాడు, బొమ్మా శబ్దమూ ఒకే దాంట్లో వస్తాయి. వీజీఏలో శబ్దం రాదు. పసుపు పిన్ను ఏవీ వైరు పాత డబ్బా టీవీకి తప్ప పెట్టకు, ఎంత ఖరీదు కెమెరా అయినా అందులో 576 గీతలకు దిగిపోతుంది. టీవీ పది మీటర్లు దాటి ఉంటే మామూలు హెచ్‌డీఎంఐని నమ్ముకోకు, సిగ్నల్‌ని దూరం మోసే ఎక్స్‌టెండర్ పెట్టి క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు లాగు. కొట్లో క్యాట్ 6 అడిగితే అల్యూమినియం మీద రాగి పూత వేసింది అంటగడతారు. తీగ చివర చాకుతో గీకి చూడు, లోపల తెల్లగా మెరిస్తే అక్కడే తిరిగిచ్చేయి.

ఇక రెజల్యూషన్, అంటే బొమ్మలో ఎన్ని చుక్కలుంటాయన్న లెక్క. ఇది నెమ్మదిగా చదువు.

మా దగ్గర ఓ కుర్రాడుండేవాడు, చెయ్యి చురుకు, నోరింకా చురుకు. రైల్వే స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో పని అప్పజెప్పే రోజు, ఓనరు పక్కనే నిలబడ్డాడని ఉత్సాహం ఆపుకోలేక డీవీఆర్ మెనూలోకెళ్లి అవుట్‌పుట్‌ని, అంటే టీవీకి పంపే బొమ్మని, ఫుల్ హెచ్‌డీ 1080 కన్నా పెద్దదైన 4కే చేసి అప్లై కొట్టాడు. కౌంటర్ మీదున్నది పాత హెచ్‌డీ టీవీ. తెర నల్లబడింది. వైరు పీకి పెట్టాడు, కేబుల్ మార్చాడు, స్విచ్ ఆపి వేశాడు. డీవీఆర్‌లో సెట్టింగ్ అలాగే ఉంటే స్విచ్ ఎన్నిసార్లు వేస్తే ఏం లాభం? లోపల రికార్డింగ్ నిక్షేపంగా నడుస్తోంది, ఆ టీవీకి అర్థమయ్యే సిగ్నల్ రావట్లేదంతే. వాడేమో పెట్టె పోయిందనుకున్నాడు. నాకు ఫోన్ చేస్తే పరువు తక్కువ కదా! మూత విప్పి, హార్డ్ డిస్క్ తీసి, బ్యాగులో ఉన్న ఇంకో కంపెనీ డీవీఆర్‌లో పెట్టాడు. అది ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. నొక్కేశాడు.

ఆ సాయంత్రమే లాడ్జిలో ఎవరిదో సూట్‌కేసు పోయిందని పోలీసులొచ్చి రికార్డింగ్ అడిగారు. ఏం చూపిస్తాం? ఆ ఓనరు వాడిని తిట్టలేదు, కుర్చీ చూపించి "కూర్చో బాబూ" అన్నాడు. అది చూడలేకపోయాను. నిజానికి ఆ పెట్టెని ఓనరు ఇంట్లో ఉన్న కొత్త 4కే టీవీకి తగిలించి, సెట్టింగ్ 1080కి దించి తెచ్చుంటే పది నిమిషాల పని.

అందుకే ముందు టీవీ వెనక అంటించిన మోడల్ నంబరు చూసి, అదెంతవరకు తీసుకుంటుందో తెలుసుకున్నాకే మెనూ ముట్టుకో. సందేహముంటే 1080 దగ్గర ఆగు. ఎలాగూ 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ 4కే చేసినంత మాత్రాన కొత్తగా వివరాలేం పుట్టవు. తెర నల్లబడితే డిస్క్ జోలికి మాత్రం వెళ్లకు. ఏ టైమైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

ఇంకోటి, పదహారు కెమెరాలూ ఒకేసారి చూపించమంటారు. 1080 తెరలో ఒక్కో గడికి వచ్చేది 480 అడ్డం, 270 నిలువే. మొహాలు కనబడట్లేదని నీ మీద పడతారు. గడి మీద డబుల్ క్లిక్ చేసి పెద్దది చెయ్యడం వాచ్‌మన్‌కి దగ్గరుండి నేర్పు. బొమ్మ అంచులు తెగితే టీవీలో స్క్రీన్ ఫిట్ లాంటిది వెతుకు. కెమెరాలు మన దేశపు వీడియో పద్ధతి పాల్ (PAL)లో ఉన్నాయో లేదో చూడు, మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో ఉంటే ట్యూబ్‌లైట్ కింద చారలు పాకుతాయి.

నాకు నిజంగా భయమేసేది ఎర్తింగ్. వాచ్‌మన్ గదుల్లో సగం బోర్డులకు ఎర్త్ ఉండదు. టీవీ ఒక లైన్లో, డీవీఆర్ ఇంకో లైన్లో ఉండగా హెచ్‌డీఎంఐ గుచ్చితే పోర్టు కాలొచ్చు, నీ చెయ్యీ జివ్వుమనొచ్చు. రెండూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి తీసుకో. ప్లగ్గులు పీకేసి, అప్పుడు కేబుల్ పెట్టు. చెప్పులు విప్పకు. పూజగది కాదు అది. విసుక్కోకు, నాకున్నది నువ్వొక్కదానివే మేనకోడలివి.

అక్కడ సముద్రపు గాలి ఉప్పు. కెమెరా వైర్ల చివరుండే బీఎన్‌సీ పిన్నులు చూస్తుండగానే పచ్చగా చిలుమెక్కుతాయి. బయటి జాయింట్లన్నీ డబ్బాలో పెట్టి మూతకి టేపు చుట్టు, డీవీఆర్‌ని సముద్రం వైపు కిటికీ కింద పెట్టనివ్వకు. హుద్‌హుద్ తుఫాను తర్వాత 2014లో డాబాల మీద నుంచి వైర్లు ఏరుకున్నవాడిని, క్లిప్పులు దగ్గరదగ్గరగా కొట్టమని అందుకే చెబుతున్నాను.

నా మల్టీమీటర్ మీ అమ్మతో పంపుతున్నాను, కొత్త బ్యాటరీ వేశాను. డబ్బులిస్తానన్నావంటే చెవి మెలిపెడతా. పని అయ్యాక టీవీ ఫొటో వాట్సాప్‌లో పెట్టు, వెనకవైపు వైర్లు కూడా కనిపించాలి.

మావయ్య