పెరి పెరి అంటే అసలు అర్థం ఏమిటి?

'పెరి పెరి మసాలా' అని ప్యాకెట్ల మీద ఉండే పేరుకు అర్థమేమిటి, అది ఏ భాష మాట అని అడిగారు. దాని అర్థం మిరపకాయ, అంతే. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో ఆ మాట 'పిలిపిలి'.

ఉద్యోగం కోసం టాంజానియాలోని దారెస్సలాంలో మూడేళ్లు ఉన్నాను. వెళ్లిన కొత్తలో ఇది మన చురచుర, గరగర లాంటి జంటమాట అనుకునేవాణ్ణి. కాదండీ. స్వాహిలీలో విడిగా 'పిలి' అంటే 'రెండవ' అని. దానికీ కారానికీ సంబంధం లేదు. పిలిపిలి మొత్తం కలిపి ఒకే మాట.

కరియాకో మార్కెట్‌కు వెళ్లి పిలిపిలి ఇవ్వమంటే కూరగాయలమ్మే ఆవిడ "ఏ పిలిపిలి?" అంది. పిలిపిలి హోహో అంటే క్యాప్సికమ్, కారమే ఉండదు. పిలిపిలి మ్బూజి అంటే మేక మిరప. గుండ్రంగా, ముడతలు పడి, మంచి ఘాటుగా ఉంటుంది. పిలిపిలి కిచా అంటే పిచ్చి మిరప! చిన్న కాయే, కానీ నాలుక మీద పెడితే ఆ పేరెందుకు పెట్టారో తెలుస్తుంది. పెరి పెరి అని ప్రపంచమంతా చెప్పుకునేది ఇలాంటి చిన్న కాయల గురించే. ఇక పిలిపిలి మంగా అంటే ఏమిటనుకున్నారు? మిరియాలు.

అసలు కథంతా అక్కడే ఉంది. మిరప అమెరికా ఖండాల పంట. 1492లో కొలంబస్ అక్కడికి చేరాకే మిగతా ప్రపంచానికి తెలిసింది. ఆఫ్రికాకు దాన్ని తెచ్చింది పోర్చుగీసువాళ్లు. కానీ పిలిపిలి అన్న మాట మిరియాలను చెప్పే పాత మాటల నుంచి పుట్టింది. అరబ్బీలో ఫిల్‌ఫిల్, పారశీకంలో పిల్‌పిల్. వాటికి మూలం సంస్కృతంలోని పిప్పలి, అంటే మన వంటింటి వైద్యంలో వాడే పిప్పళ్లే! లాటిన్‌లో పైపర్, ఇంగ్లీషులో పెప్పర్ కూడా ఆ పిప్పలి సంతానమే. ఇది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కొత్తగా వచ్చిన కాయకు పాత ఘాటు పేరే పెట్టుకున్నారు స్వాహిలీవాళ్లు. మన మిరియం, మిరప పక్కపక్కన పెట్టి చూడండి, మనవాళ్లు చేసిందీ అదే.

మొజాంబిక్‌లో, పోర్చుగీసువాళ్ల నోట అది 'పిరి పిరి'. దక్షిణాఫ్రికాలో 'పెరి పెరి'. రెండూ సరైనవే. అయితే ప్యాకెట్లో వెల్లుల్లి, ఉప్పు, పులుపు కూడా కలుపుతారు. పేరు మాత్రం మిరపకాయదే.