తిరిగి ఉద్యోగానికి వెళ్లకపోయినా ప్రసూతి జీతం వస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది బరంపురం. పదహారు మంది ఉన్న ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. చేరి నాలుగేళ్ల ఏడు నెలలు అయింది. జీతం 26,000, అలవెన్సులు విడిగా ఏమీ లేవు, మొత్తం బేసిక్కే. తొలి కాన్పు, డాక్టరు ఇచ్చిన తేదీకి ఇంకా ఏడు వారాలుంది. పురుడు ఇచ్ఛాపురంలో అమ్మ దగ్గర. మా వారి ఉద్యోగం విశాఖలో కాబట్టి ఆ తర్వాత మళ్లీ ఇక్కడికి రావడం జరగదు. ఈ సంగతి మేనేజర్‌కి తెలిసిపోయింది. తిరిగొచ్చేవాళ్లకే సెలవు జీతం, మీరు రాజీనామా రాసేయండి, లేదా వచ్చి ఏడాది చేస్తానని బాండ్ ఇవ్వండి అంటున్నారు. రానప్పుడు ఆ డబ్బు తీసుకోవడం తప్పు కదమ్మా అని మా అత్తగారు కూడా అంటున్నారు. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రాజీనామా ఇచ్చేయమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడు మాత్రం రాజీనామా ఇవ్వకండి. ఇచ్చారంటే ఉద్యోగంతో పాటు ఆరు నెలల జీతం, ఇంకో పెద్ద మొత్తం కూడా మీ చేతులతో మీరే వదులుకున్నట్టు అవుతుంది.

ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది అదేనని ఉత్తరం చదివితే నాకు అర్థమైంది. ఈ డబ్బు మీరు తిరిగొచ్చి చేయబోయే పనికి అడ్వాన్సు కాదు. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పని చేసి ఉండాలి, చట్టం పెట్టిన షరతు అంతే. మీరు నాలుగేళ్లకు పైగా చేశారు. ఆ తర్వాత సెలవు ఎందుకు ఇస్తారంటే బిడ్డని కన్న ఒళ్లు కోలుకోవాలి, పాలివ్వాలి, ఆ రోజుల్లో ఇల్లు గడవాలి, అందుకని. మీరు ఆ తర్వాత విశాఖలో ఉంటారా బరంపురంలో ఉంటారా అన్నదానితో దీనికి సంబంధమే లేదు. ఈ మాట అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, ఆవిడ మీ మీద కోపంతో అన్నారని నేను అనుకోవడం లేదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో సెలవు 12 వారాలే ఉండేది, 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు అయింది. 2025 నవంబర్ 21 నుంచి ఈ నియమాలు సామాజిక భద్రతా కోడ్ అనే కొత్త చట్టంలోకి వచ్చాయి కానీ 80 రోజుల షరతు, 26 వారాల సెలవు అలాగే ఉన్నాయి. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థకి ఇది వర్తిస్తుంది, మీ దగ్గర పదహారు మంది ఉన్నారు. 26 వారాల్లో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు కాబట్టి మీరు వచ్చే వారం నుంచే సెలవు పెట్టొచ్చు. మీ లెక్కన రమారమి 1,56,000 రూపాయలు. కంపెనీ ఉచితంగా వైద్యం ఏర్పాటు చేయకపోతే దాని మీద ఇంకో 3,500 మెడికల్ బోనస్.

"తిరిగొచ్చాక ఇస్తాం" అనే మాట చాలా ఆఫీసుల్లో వినిపిస్తుంది, అది చట్టానికి పూర్తిగా ఎదురు మాట. గర్భవతినని సర్టిఫికెట్ చూపిస్తే కాన్పుకి ముందు వారాల డబ్బు ముందుగానే ఇవ్వాలి, మిగతాది బిడ్డ పుట్టినట్టు రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. అప్పటికి మీరు ఇంకా పురిటి మంచం మీదే ఉంటారు, తిరిగి వెళ్లే ప్రశ్న ఎక్కడిది? మీరిచ్చే నోటీసులో రాయాల్సిందీ కొంచెమే: ఏ తేదీ నుంచి సెలవు, డబ్బు మీకా, మీరు చెప్పిన మనిషికా, ఆ కాలంలో ఇంకెక్కడా పని చేయనని ఒక మాట. తిరిగొస్తారా అని అందులో అడగరు. అలాగని తప్పకుండా వస్తానని అబద్ధం మాత్రం రాయొద్దు, నోటితో కూడా చెప్పొద్దు. "సెలవు అయ్యాక చెబుతానండీ" అంటే చాలు. బిడ్డ పుట్టాక మన నిర్ణయాలు ఎన్ని మారతాయో నేను చాలామంది ఇళ్లలో చూశాను, కాబట్టి అది తప్పించుకునే మాటేమీ కాదు.

బాండ్ మీద సంతకం పెట్టకండి. చట్టం ఇచ్చిన హక్కుని తగ్గించే ఒప్పందం చెల్లదు, ఇప్పటికే పెట్టేసి ఉన్నా భయపడొద్దు. చట్టం చెప్పినదానికంటే ఎక్కువ ఇచ్చే కంపెనీలు ఆ ఎక్కువ మొత్తానికి షరతు పెట్టుకోవచ్చు, మీ కేసులో అలాంటిదేమీ లేదు.

ఇక ఆ రెండో మొత్తం గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు. దీని గురించి మీకెవరూ చెప్పినట్టు లేదు. ఐదేళ్ల సర్వీసు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున వస్తుంది, నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తారు, మీకైతే ఏడాదికి సరిగ్గా 15,000. 26 వారాల ప్రసూతి సెలవు కూడా సర్వీసులోకే వస్తుంది. ఈ రోజు రాజీనామా చేస్తే మీ సర్వీసు నాలుగేళ్ల ఏడు నెలల దగ్గర ఆగిపోతుంది, సెలవు పూర్తి చేసుకుంటే ఐదేళ్ల ఒక నెల అవుతుంది. ఆ తేడా 75,000 రూపాయలమ్మా! మేనేజర్ ఇప్పుడే రాసేయమని ఎందుకు తొందర పెడుతున్నారో నాకు తెలియదు కానీ మీరు మాత్రం తొందరపడకండి.

సెలవు దరఖాస్తు ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాసి, నకలు మీద తేదీతో రసీదు సంతకం తీసుకోండి, మెయిల్ కూడా పెట్టండి. ఇచ్ఛాపురం వెళ్లే ముందే అపాయింట్‌మెంట్ లెటర్, గత ఏడాది పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు ఒక ఫైల్లో పెట్టుకోండి, పచ్చి బాలింతగా ఉండి వీటి కోసం ఎవరినో బతిమాలుకోవడం చాలా కష్టం. సెలవులో ఉండగా ఇంకెక్కడా జీతానికి పని చేయకండి, చేస్తే ఆ కాలానికి డబ్బు పోతుంది. 26 వారాలూ అయ్యాక రాజీనామా పంపండి. నెల నోటీసు ఇవ్వాలని లెటర్‌లో ఉంటే అది వేరే లెక్క, దాని పేరు చెప్పి ప్రసూతి డబ్బు వెనక్కి అడగకూడదు. ఒకవేళ కోపంతో ఉద్యోగంలోంచి తీసేసినా ప్రసూతి డబ్బు ఇవ్వాల్సిందే, ప్రసూతి సెలవులో ఉండగా గానీ, ఆ సెలవు పెట్టినందుకు గానీ తీసేయడమే నేరం. తీసేసిన ఉత్తర్వు మీద ఫిర్యాదుకి 60 రోజులే గడువు, కాబట్టి జిల్లా లేబర్ ఆఫీసుకి వెంటనే వెళ్లండి, మీరు కదలలేకపోతే మీ వారిని పంపండి.

ప్రశ్న: నేను రాయగడలో పని చేస్తున్నాను, జీతం 17,000, ఇఎస్ఐ కోస్తారు. కాన్పుకి పార్వతీపురం వెళ్లి అక్కడే ఉండిపోతాను. మానేస్తున్నానని తెలిస్తే మా యజమాని డబ్బు ఆపేస్తారా?

జవాబు: ఆపడం ఆయన చేతిలో లేదు, మీకు డబ్బిచ్చేది ఇఎస్ఐ కార్పొరేషన్. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలల కాలాలు ఉంటాయి. కాన్పు పడే కాలానికి ముందు లెక్కలోకి వచ్చే రెండు కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకి మీ చందా కట్టి ఉంటే 26 వారాలు వస్తుంది. కోసిన చందా నిజంగా కట్టారో లేదో ఇప్పుడే ఇఎస్ఐ పోర్టల్‌లో చూసుకోండి, అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడ. ఇది దేశమంతటికీ ఒకటే పథకం, ఆంధ్రాలో పురుడైనందుకు హక్కు పోదు.

ప్రశ్న: పర్లాకిమిడిలో కాంట్రాక్టు మీద చేస్తున్నాను. సెలవు మధ్యలోనే కాంట్రాక్టు అయిపోతుంది. ఆ రోజు వరకే జీతం అంటున్నారు.

జవాబు: ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీలో ఒక కాంట్రాక్టు డాక్టరు 2017 జూన్ 1 నుంచి సెలవు అడిగితే, జూన్ 11న కాంట్రాక్టు ముగుస్తుందని పదకొండు రోజులే ఇచ్చారు. 80 రోజుల షరతు నిండాక కాంట్రాక్టు గడువు అడ్డం కాదని, పూర్తి ప్రయోజనం ఇవ్వాలని 2023 ఆగస్టులో కోర్టు తీర్పిచ్చింది. కవితా యాదవ్ కేసు అంటారు. ఆ తీర్పు ప్రింటు తీసి దరఖాస్తుకి జత చేసి ఇవ్వండి, 80 రోజుల హాజరు కాగితాలు కూడా దగ్గర పెట్టుకోండి.